పిట్టకిచ్చిన మాట

ఇదివరకు పొద్దున లేవగానే నాకు ఎదురయ్యేది అంట్ల గిన్నెల గుట్ట. రాత్రి తిన్న కంచాలు, కూర గిన్నె, పాలు కాచిన గిన్నె నల్లా కింద నానుతూ ఉండేవి. ఐదింటికి లేచి ముందు వాటి మొహమే చూసేదాన్ని. ఉతికిన బట్టలు మడత పెట్టకుండా కుర్చీ మీద కుప్పగా ఉండేవి. మా అనూష ఆ కుప్ప మీదే కూర్చుని టీ తాగేది.

"అమ్మా, ఈ కుర్చీ ఏ రంగుదో మర్శిపోయిన" అనేది.

"రేపు మడత పెడ్త తియ్" అనేదాన్ని.

ఆ తర్వాత కొన్ని నెలలు పొద్దున నాకు చేయడానికి పని ఉండేది కాదు. ముందు రోజు సాయంత్రమే అన్నీ అయిపోయేవి. గిన్నెలు తోమి, తుడిచి, బోర్లించేదాన్ని. మర్నాటి కూరగాయలు తరిగి పెట్టేదాన్ని. బియ్యం ఏరి, కొలిచి, మూత పెట్టేదాన్ని. గ్యాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, కరెంటు కాగితాలు ఒకే కవర్లోకి చేర్చాను. బీరువా తాళంచెవికి ఎర్రదారం కట్టాను, మగమనిషికి కూడా వెతకకుండా దొరకాలని. డబ్బాల మీద ఉప్పు, పప్పు, జీలకర్ర అని చీటీలు అంటించాను. చూసినవాళ్ళు, ఇంత దుఃఖంలో కూడా సమ్మమ్మ ఇల్లు అద్దంలా పెట్టుకుంది అన్నారు. నేను ప్రయాణానికి సర్దుతున్నానని వాళ్ళకు తెలియదు.

మా ఇల్లు మట్టెవాడలో. కింద దుకాణం, పైన మేము. మా ఆయన ఉప్పలయ్య మ్యాచింగ్ సెంటర్ నడుపుతాడు. జాకెట్ ముక్కలు, లైనింగులు, చీరల ఫాల్స్ అమ్ముతాడు. మా అత్త మొగిలమ్మ మాతోనే ఉంటుంది. డెబ్బై దాటాయి, నోరు మాత్రం ఇరవై ఏళ్ళది. అనూష మాకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండేది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు దానికి జ్వరం వచ్చింది. నేను వంటింట్లో నువ్వులు వేయిస్తున్నాను. తలుపు పట్టుకుని నిలబడి, "అమ్మా, కాళ్ళు గుంజుతానయ్. దవాఖానకు పోదామా" అంది. పల్లీలు వేయించాలి, కొబ్బరి తురమాలి, సత్తుపిండి కలపాలి. "గోలీ ఏస్కొని పండుకో. రేపు పోదాం బిడ్డా" అన్నాను. మర్నాడు కూడా అడిగింది. మర్నాడు కూడా అదే మాట అన్నాను. పండుగ నాడు పొద్దున దాని చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. హన్మకొండలో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డెంగీ అన్నారు. నాలుగు రోజులు రక్తం ఎక్కించారు. ఐదో రోజు బిడ్డ లేదు.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తరాకులో వడ్డించి, కాల్చిన చోట పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, మాట ఇవ్వాలి. సరైన మాట పడ్డప్పుడు పిట్ట దిగుతుందని మా నమ్మకం.

పులిహోర, పూరీలు, ఆలుగడ్డ కూర, నూడుల్స్ పెట్టాం. చాక్లెట్లు పెట్టాం. కూల్‌డ్రింక్ సీసా మూత తీసి పెట్టాం. తొమ్మిదింటికి పెడితే, కరెంటు తీగ మీద ఏడెనిమిది కాకులు వరుసగా కూర్చుని చూశాయి కానీ ఒక్కటి కిందికి రాలేదు.

మా ఆయన ముందుకు వెళ్ళాడు. "బిడ్డా, నీ స్కూటీ ఎవ్వరికి అమ్మ. నీ పేరు మీదనే ఉంటది." రాలేదు. వర్ధన్నపేట నుంచి వచ్చిన మా అన్న పోశయ్య, "పట్టీలు కొనిస్త అంటి గదా బిడ్డా, కొని అమ్మవారికిస్త" అన్నాడు. రాలేదు. దాని స్నేహితురాలు రమ్య వెక్కుతూ, "నీ రికార్డు నేనే రాసి ఇస్తనే" అంది. వెనక ఎవరికో నవ్వు వచ్చి, దగ్గుగా మార్చారు. పదకొండైంది. పన్నెండు దాటింది. ఎండకు పూరీలు ఎండి పైకి వంకర తిరిగాయి.

"తల్లి అడగాలె, తల్లి" అన్నారు వెనక నుంచి.

వెళ్ళి ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోరు తెరిచాను, మాట రాలేదు. లోపలే అన్నాను. ఒక్కదానివి ఉండకు బిడ్డా, నేను వస్త. ఇంట్ల పనులు ఒక దారికి తెచ్చి వస్త.

తల ఎత్తేసరికి కాకి ఆకు మీద ఉంది. పూరీ ముక్కను ముక్కుతో లాగింది. నా వెనక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "తల్లి మాట పడ్డది" అంది ఒక ముసలామె. నేను ఏమన్నానో ఎవరూ అడగలేదు. లోపల ఇచ్చిన మాటను అడిగే పద్ధతి లేదు.

ఆ రోజు నుంచి నేను మాట ఇచ్చిన మనిషిని.

తర్వాత నెలలు ఎలా గడిచాయో వరుసగా చెప్పలేను. అన్నం నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టు ఉండేది. చెంబు ఎత్తి నెత్తి మీద నీళ్ళు పోసుకోవడానికి చేయి లేచేది కాదు. కింద దుకాణంలో ఎవరైనా అమ్మాయి నవ్వితే ఛాతీలో ఏదో తెగినట్టయ్యేది. కానీ పని ముందుకు వస్తే మాత్రం చేతులు ఎక్కడ లేని జోరుతో లేచేవి. అది అయిపోతే పోవచ్చు కదా.

అయిపోకుండా అడ్డం పడేది మా అత్త. బిడ్డ పోయిన నెలకే పాత చీరలు నా ముందు కుప్ప పోసి బొంతలు కుట్టమంది. అవి కాగానే ఎండుమిరపకాయల తొడిమలు తీయమంది. తర్వాత పసుపు కొమ్ములు. "ఏమే సమ్మీ, కూసుంటే కారం అదే నడ్సుకుంటొచ్చి డబ్బాల పడ్తదా?" అనేది. వాడకట్టులో అందరూ ముసల్దానికి గుండె లేదన్నారు. నేనూ అదే అనుకున్నాను. నేను స్నానానికి వెళితే, "గొళ్ళెం పెట్టకే, బకెట్ నిండిన సప్పుడు నాకు వినబడాలె, నీళ్ళు వట్టిగ పోతానయ్" అని అరిచేది. తన చాప తెచ్చి నా గది గడప దగ్గర వేసుకుంది. నడుముకు అక్కడి గాలి పడుతుందట. ఆమె పని తెచ్చేది, నేను తెగ్గొట్టేదాన్ని.

జనవరిలో ఒక పగలు సుల్తానా బేగం పైకి వచ్చింది. లేడీస్ టైలర్. లైనింగుల కోసం మా దుకాణానికి రెండు రోజులకోసారి వస్తుంది, వస్తే పైకి వచ్చి టీ తాగుతుంది. నా పట్టుచీర ఒకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"రుహీకి లంగా కుట్టు. నాకెందుకు ఇగ" అన్నాను. రుహీ ఆమె బిడ్డ.

సుల్తానా చీర అంచును వేళ్ళతో తడిమింది. "అక్కా, ఇది పెండ్లి చీర గదా."

"ఔ."

"పెండ్లి చీర ఎవరన్న ఇస్తరా?"

నేను చీర కొంగు మళ్ళీ ఆమె ఒళ్ళోకి నెట్టాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మా ఆయన జానీ మియా పోయినప్పుడు నేను గూడ గిట్లనే అన్ని పంచిన. గిన్నెలు పంచిన, దుప్పట్లు పంచిన, ఆఖరికి రొట్టెలు కాల్చే పెనం గూడ మా చెల్లెకిచ్చిన. పెనం చూడంగనే దానికి సమజైంది. అదే రోజు ఆటో ఎక్కిచ్చి సుబేదారిల ఒక మేడం దగ్గరికి తీస్కపోయింది." కొంచెం ఆగి, "పెనం మాత్రం మల్ల ఇయ్యలే. ఇప్పటికి దాని ఇంట్లనే ఉన్నది" అంది.

నవ్వు రాలేదు నాకు. కానీ ఆమె నవ్వించడానికే అన్నదని తెలిసింది. అలాంటిది తెలియడం కూడా ఎన్నాళ్ళకో.

సుల్తానా చీర తీసుకోలేదు. కిందికి దిగి మా ఆయనతో మాట్లాడింది. ఆయన పైకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మనసు డాక్టర్ అంటే బజార్ల ఏమంటరు? గిరాకీల ముందల ఏం చెప్పాలె?" అన్నాడు.

వెనకే వచ్చిన సుల్తానా, "భాయ్, నేను ఏడాది పోయొచ్చిన. నా దగ్గర జాకెట్లు కుట్టిచ్చుకునుడు ఎవరన్న బంద్ చేసిన్రా? కొలత తప్పితే బంద్ చేస్తరు గని" అంది.

ఆయన తల్లి వైపు చూశాడు. ఆమె వద్దంటుందని మేమందరం అనుకున్నాం. అత్త మిరపకాయల జల్లెడలో నుంచి తల ఎత్తకుండా, "పోనియ్ రా. తొడిమలు నేన్ తీస్కుంట" అంది.

సుబేదారిలో ఆ శ్రీలత మేడం గది రెండో అంతస్తులో ఉంది. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, దాని మీద కాగితపు రుమాళ్ళ డబ్బా, పైన కిర్రుమనే ఫ్యాను. మొదటి బుధవారం నేను నోరు తెరవలేదు. ఆమె కూడా తొందర పెట్టలేదు. లేచే ముందు, "ఇవ్వాళ ఏం వండిన్రు?" అని అడిగింది.

"బీరకాయ."

"వచ్చే బుధవారం ఏం వండిన్రో గూడ వచ్చి చెప్పండి."

ఇదేం వైద్యం అనుకుంటూ దిగాను. అదే అంతస్తులో ఉన్న డాక్టరు దగ్గరికి కూడా పంపింది. ఆయన గోలీలు రాశాడు. గోలీలు నా దగ్గర ఉండొద్దు, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండాలని మేడం చెప్పింది. అత్త వాటిని కొంగుకు ముడి వేసుకుంది. రోజుకు ఒకటి విప్పి ఇచ్చి, "నోరు తెరువ్. నాలిక లేపు" అని చూసేది, బడి పిల్లను చూసినట్టు.

మూడో బుధవారం కొంచెం మాట్లాడాను. "ఒక్కసారే మీదికొస్తది మేడం. పాలు పొంగినట్టు" అన్నాను.

"పాలు పొంగితే ఏం చేస్తరు?"

"నీళ్ళు చల్లుత."

"ఇప్పుడు గూడ అదే చేయండి. చన్నీళ్ళు మొహం మీద కొట్టుకోండి, చేతుల మీద పోసుకోండి. కంటికి ఏం కనబడ్తే దాని పేరు బయటికి అనండి. గడియారం చూడండి. ఎన్ని నిమిషాలు ఉంటదో నాకు చెప్పండి, అంతే. మీ వల్ల కాకపోతే లేచి ఏడికి పోవద్దు. ముందు ఎవర్నన్న పిలువండి."

నమ్మకం లేకుండానే చేశాను. నల్లా దగ్గర నిలబడి మొహం మీద నీళ్ళు కొట్టుకుని, "బకెట్. చెంబు. సబ్బు. దువ్వెన" అన్నాను. దువ్వెన అనూషది. రెండు వెంట్రుకలు ఇంకా దానికి ఉన్నాయి. అక్కడే కూలబడ్డాను. మర్నాడు మళ్ళీ చేశాను, ఈసారి దువ్వెన ఉన్న వైపు చూడకుండా. గోడ గడియారంలో ఇరవై రెండు నిమిషాలు. తర్వాత దిగింది. పోలేదు, దిగింది.

"తగ్గింది మేడం. మల్ల వస్తది" అని చెప్పాను.

"వస్తది. రాదని మీకు అబద్ధం చెప్పను" అంది ఆమె.

ఆ మాటకు ఆమె మీద కొంచెం గురి కుదిరింది. అయినా పిట్ట సంగతి చెప్పలేదు. అది చెప్పే మాట కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి ఎప్పటిలాగే అన్ని పనులూ ముగించేదాన్ని.

ఐదో బుధవారానికి మాఘమాసం పెళ్ళిళ్ళు. మా ఆయన దుకాణం వదిలి రాలేడు. సుల్తానాకు జాకెట్లు గుట్టగా పడ్డాయి. "నేనొస్త పా" అని అత్త చెప్పులు వేసుకుంది. మెట్టు మెట్టుకూ మోకాలి చిప్పను, మేడం గారిని, మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టుకుంటూ ఎక్కి, బయట బల్ల మీద కూర్చుంది.

లోపల మేడం మామూలుగానే అడిగింది. "పొద్దున లేవంగనే ఏం పని చేస్తరు?"

"పొద్దున పనేం ఉండది. అంతా ముందు రోజే చేస్త."

"అంతానా?"

"ఒక్కటి మిగల్నియ్య."

ఆమె కలం ఆగింది. "ఎప్పటిసంది?"

"బిడ్డ పోయిన కాన్నుంచి."

కలం బల్ల మీద పెట్టింది. "సమ్మమ్మ గారూ, సూటిగనే అడుగుతున్న. చచ్చిపోవాలని అనుకుంటున్నరా?"

నాలుగు నెలలుగా ఇంటికి ఎంతమంది వచ్చిపోయారో. దేవుడు పెట్టిన రాత అన్నారు, గుండె రాయి చేసుకో అన్నారు. ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు. ఫ్యాను కిర్రుమంటూ నాలుగైదు చుట్లు తిరిగింది.

"మాట ఇచ్చిన మేడం" అన్నాను.

ఆకు దగ్గర నుంచి అంతా చెప్పాను. రేపు పోదాం అన్న సంగతి కూడా చెప్పాను. కాకి ఏమిటి, మాట ఏమిటి అని ఆమె అంటే లేచి వచ్చేద్దామని కూర్చున్నాను. ఆమె అనలేదు. "అనూష మిమ్మల్ని రమ్మన్నదా?" అని మాత్రం అడిగింది.

"పిట్ట ముట్టింది గదా."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఈ మాట మన ఇద్దరి నడుమ దాచిపెట్టలేను. మీ పానం మీదికొచ్చిన సంగతి. మీ ఇంట్లోవాళ్ళకు చెప్పాలె. మీ ఎనక చెప్పను, మీ ముందే చెప్త."

"మా ఆయనకు వద్దు మేడం, తట్టుకోడు" అని చేతులు పట్టుకున్నాను.

"బయట అత్తమ్మ ఉన్నది గదా."

అత్త వచ్చి, వీపు ఆన్చకుండా కుర్చీ అంచు మీద కూర్చుంది. నేను ఆ రుమాళ్ళ డబ్బాను చూస్తూ మళ్ళీ మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక తల ఎత్తలేదు. తిట్టు కోసం ఎదురు చూశాను.

"పిట్ట నీ మాటకు దిగిందని ఎవరన్నరు నీకు?" అంది అత్త.

తల ఎత్తాను.

"నువ్వు మోకాళ్ళ మీద కూసున్నప్పుడు నీ ఎనక ఎవరున్నరే?"

"తెల్వది."

"నేనున్న. పడిపోతవని నీ కొంగు పట్టుకొని నిలబడ్డ. నీ మొహం చూసిన. నువ్వు ఏమనుకుంటానవో నాకు తెల్వదా? నేను గూడ ఇద్దరు పిల్లల్ని మట్టిల పెట్టిన దాన్నే."

ఆ ఇద్దరి సంగతి నేను కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు.

"నువ్వు లోపల అన్నవ్. నేను లోపల అన్న. మీ అమ్మను నాకిడిశిపెట్టు, నేన్ పైలంగ చూస్కుంట, నువ్వు ఫికర్ జేయకుంట పో బిడ్డా అన్న. అన్న, పిట్ట దిగింది."

"నేననంగనే దిగింది అత్తా."

"నేననంగ దిగింది. నా కండ్లేం పోలే ఇంక."

"నేను ముందన్న."

"గడియారం పెట్టుకొని అన్నవా?" అంది అత్త. గొంతు పెద్దదైంది. "తల్లి మాట పడ్డది అని ఎవతో కూస్తే సరిపోయిందా? తల్లి ఎనక ముసల్ది గూడ ఉన్నది గదా. నాలుగు నెల్లసంది నడుము ఇరిగేటట్టు గడపల పంటాన. పని దొరక్క పక్కింటోళ్ళ మిరపకాయలు గూడ అడిగి తెచ్చి నీ ముందల పోసిన. మాట ఇచ్చింది నువ్వొక్కదానివే అనుకుంటానవా?"

గడపలో చాప ఎందుకో, స్నానాల గది గొళ్ళెం ఎందుకో, అప్పుడు తెలిసింది నాకు.

అత్త మేడం వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి, చెప్పు బిడ్డా. దానికి ఏం గావాల్నో అదే వింటేనే ముడ్తది పిట్ట. ఆ పోరికి తల్లి సచ్చుడు గావాల్నా, పైలముండుడు గావాల్నా?"

"నాకు తెల్వదమ్మా. ఆ పిల్లను కన్నది సమ్మమ్మ గారు" అంది మేడం.

ఇద్దరూ నా వైపు చూశారు.

దవాఖానలో మూడో రోజు, మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉండగా, అనూష వేలితో నన్ను దగ్గరికి పిలిచింది. మాస్కు కొంచెం పక్కకు లాగి, "అన్నం తిన్నవా అమ్మా" అని అడిగింది. నేను తినలేదు. తిన్నా అని చెప్పాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, తలుచుకుంటేనే లోపల కాలుతుంది కనుక. ఆ గదిలో చెప్పాను. అత్త కొంగుతో మొహం మొత్తం కప్పుకుంది. కొంగుకు ముడి వేసిన గోలీలు ఆమె నుదుటి దగ్గర వేలాడుతున్నాయి.

దాంతో బాగుపడ్డానని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పారు. ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి నా గది తలుపు గొళ్ళెం, స్నానాల గది గొళ్ళెం విప్పాడు. మర్నాడు నిండు పెళ్ళిళ్ళలో దుకాణం మూసి, పగలంతా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. మేడం ఒక కాగితం మీద ఎవరిని పిలవాలో వరుసగా రాసి ఇచ్చింది. అత్త, మా ఆయన, సుల్తానా, తర్వాత మేడం, ఒక హెల్ప్‌లైన్ నంబరు. దాన్ని పొయ్యి పైన గోడకు అంటించాను. నా మాటా, అత్త మాటా రెండూ నిలిచే దారి లేదు. ఒకటి నిలిస్తే ఇంకొకటి బిడ్డ ముందు అబద్ధమవుతుంది. ఏది నిజం కావాలో కొన్ని రోజులు తెలిసినట్టే ఉండేది. కొన్ని రోజులు ఏమీ తెలిసేది కాదు. పనులు మాత్రం ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం ముగిస్తూనే ఉన్నాను. మేడం అడిగితే, "చేతులు ఊకుంటలేవు మేడం" అన్నాను.

మార్చిలో మా అన్న వర్ధన్నపేట నుంచి చింతపండు మూట తెచ్చాడు. పెంకు తీసి ఉంది కానీ గింజలు, ఈనెలు అలాగే ఉన్నాయి. ఇరవై కిలోలు. "మీ అత్తనే ఫోన్ చేసింది, గింజ తీసింది తేవద్దన్నది" అని చెప్పాడు. అత్త వినబడనట్టు కిటికీలో నుంచి బజారు చూసింది. నాలుగు రోజుల్లో పదిహేను కిలోల దాకా తీసేశాను.

ఐదో రోజు మధ్యాహ్నం తిండి అయ్యాక మా ఆయన ఫోన్ ఇంట్లో మరిచి కిందికి దిగాడు. ఫోన్ మోగింది. చూశాను. కాలేజీ నుంచి మెసేజ్. అనూష పేరు, దాని రోల్ నంబరు. పరీక్ష ఫీజు కట్టడానికి రేపే చివరి తేదీ.

వాళ్ళ కంప్యూటర్లో ఇంకా అది ఉంది. దానికి రేపు ఉంది.

పొంగింది. ఇదివరకు ఎప్పుడూ అంత ఎత్తున రాలేదు. నల్లా దాకా వెళ్ళాను, మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాను. బకెట్ అన్నాను. చెంబు అన్నాను. మాట పట్టు చిక్కలేదు. రేపు పోదాం బిడ్డా, రేపు పోదాం బిడ్డా అని నా గొంతే నా చెవిలో. డాబా మెట్లు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి. వాటి వైపు చూశాను. చూస్తూనే ఉన్నాను.

"అత్తా" అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ పిలిచాను. ఈసారి అరిచాను. "అత్తా!"

ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. నా మొహం చూసింది, చేతిలో ఫోన్ చూసింది. ఏమైందని అడగలేదు. నా రెక్క పట్టుకుని తెచ్చి మూట దగ్గర కూర్చోబెట్టి, జల్లెడ నా ఒళ్ళో పెట్టింది. తాను మెట్ల వైపు అడ్డంగా కూర్చుంది.

"గింజ తియ్."

"నా వల్ల గాదు."

"తియ్. బయటికి లెక్కవెట్టు."

ఒకటి అన్నాను. రెండు అన్నాను. గింజలు గిన్నెలో టకటకమని పడుతున్నాయి. నలభై దగ్గర ఏడుపు ముంచుకొచ్చి లెక్క తప్పింది. "నలభై ఒకటి" అంది అత్త. నేను నలభై రెండు అన్నాను. నూట పది దగ్గర మళ్ళీ తప్పింది. మళ్ళీ ఆమె అందించింది. వేళ్ళకు జిగట, గోళ్ళ కింద పులుపు దిగి మంట. మూడు వందలు దాటాక గడియారం చూశాను. నలభై ఏడు నిమిషాలు.

దిగింది. అడుగున నేను మిగిలి ఉన్నాను, తడిసిన గుడ్డలా.

ఆ తర్వాత లెక్క లేకుండానే తీస్తూ కూర్చున్నాను. అత్త కదలలేదు. నాలుగైంది, ఐదైంది. కింద దుకాణం ముందు స్కూటర్లు ఆగడం మొదలైంది. మూటలో ఇంకా రెండు కిలోల దాకా ఉంటుంది. గట్టిగా కూర్చుంటే గంట పని. నా చేతులు వాటంతటవే మూట వైపు వెళ్ళాయి. ఆ రెండు కిలోలు అయితే ఇంట్లో ఇక ఏ పనీ ఉండదు. గిన్నెలు తోమేశాను. బియ్యం ఏరేశాను. కూరగాయలు కూడా పొద్దునే తరిగి పెట్టాను.

చేతులు వెనక్కి తీసుకున్నాను. లేచి వెళ్ళి నల్లా కింద కడుక్కున్నాను.

"ఏమైందే?" అంది అత్త. "ఇంక గింతనే ఉన్నది."

"ఉండనియ్."

"చీమలు పడ్తయ్."

"చీమలు పట్టయ్ అత్తా, పులుపుకు." తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాను. చాలాసేపు తుడుచుకున్నాను. "రేపు తీస్త."

అత్త నా వైపు చూసింది. తర్వాత మూట వైపు చూసింది.

"మాటనా?" అంది.

"మాట గీట ఇయ్య నేను. తీస్త అంటాన, అంతే."

అత్త మోకాలి మీద చేయి వేసి లేచి, టీ పెట్టమని నాకు చెప్పి, తన చాప దులుపుకుంది. నేను పొయ్యి వెలిగించాను. మూట మూతి కట్టలేదు. గింజలు తీయని చింతపండు, సగం నిండిన జల్లెడ, గింజల గిన్నె గోడ పక్కన అలాగే ఉన్నాయి.